మిగిలిన మాత్రలు

ప్రతి యింటను మందుల కొక డబ్బా యుండును. కొందరి యిండ్లలో అది బీరువా పై అరలో నుండును. కొందరి యిండ్లలో వంటయింటి గూటిలో, పోపుడబ్బా ప్రక్కన నుండును. మూత తీసి చూచినచో జ్వరము మాత్రలు, తలనొప్పి లేపనము, దూది, పిల్లవాని దగ్గుమందు సీసా, వీనితోబాటు సగము వాడి సగము మిగిల్చిన యాంటీబయాటిక్ మాత్రల షీటు ఒకటి తప్పక కానవచ్చును. “డబ్బు పెట్టి కొన్నది, పారవేయుట యెందుకు? ఎప్పుడైన అక్కరకు వచ్చును” అని గృహిణి దానిని దాచును. నేనును అట్లే దాచెడిదానను. ఆ దాచుటలోని ప్రమాదమును నేనెట్లు తెలిసికొంటినో సోదరీమణులకు చెప్పుటకే యీ వ్యాసము.

రెండేండ్ల క్రిందట వర్షాకాలమున మా అమ్మకు కుడికాలు చీలమండకు పైన ఎఱ్ఱబడెను. ఆమెకు 70 ఏండ్లు. చక్కెరవ్యాధి చాల కాలముగా నున్నది. ఉదయమున రూపాయి బిళ్ళంత యున్న యెఱుపు సాయంకాలమునకు అరచేయంత ఆయెను. ముట్టినచో వేడి, ఒత్తినచో నొప్పి. చీము మాత్రము లేదు. నేను డబ్బా తీసితిని. మా పిల్లవాని పంటివాపునకై అంతకు ముందటి సంవత్సరము వైద్యులు వ్రాసిన అమాక్సిసిలిన్ కాప్స్యూళ్ళు నాలుగు మిగిలియుండెను. ఒకటి ఊడదీసి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, అమ్మ చేతిలో పెట్టితిని. ఇంతలో మా వదినగారు లోనికి వచ్చి చూచి, “చక్కెర యున్న మనిషి, అందులోను కాలు! తోచిన మందు మ్రింగింపవద్దు. ఆసుపత్రికి పోదము పద” అనిరి. కాప్స్యూలు తిరిగి డబ్బాలో పడెను.

ఆసుపత్రిలో డాక్టరుగారు కాలు చూచి, ఇది చర్మము క్రింది పొరలకు బాక్టీరియా సోకుటవలన కలిగిన వాపు అనియు, దీనిని సెల్యులైటిస్ అందురనియు చెప్పిరి. వారి ప్రక్కనే ఒక యువతి యుండెను. ఆమె నర్సు కాదు, డాక్టరు కాదు, ఫార్మసిస్టు. మందుల షాపులో చీటి చూచి మాత్ర లిచ్చువారినే మన మా పేరుతో నెరుగుదుము. కాని 2008వ సంవత్సరమున మన దేశమున ఫార్మ్.డి. యను ఆరేండ్ల చదువు ప్రారంభమైన పిమ్మట, ఆసుపత్రులలో వైద్యునితోబాటు రోగి మంచము కడకు వచ్చి, ఏ మందు, ఎంత, ఎన్ని దినములు అను లెక్క చూచి వైద్యునకు సలహా చెప్పు ఫార్మసిస్టులు అక్కడక్కడ కానవచ్చుచున్నారు. ఆమె అట్టిది.

ఆమె మా అమ్మ ప్రక్కన కూర్చుండి, “మామ్మగారూ, ఇంతకుముందు ఏ మందైన మీకు పడకపోవుట గలదా?” అని యడిగెను.

“లేదమ్మా” అనెను మా అమ్మ.

ఆమె అంతటితో విడువలేదు. “సూది వేసిన తరువాత దద్దుర్లు గాని, మొగము వాచుట గాని, ఊపిరి ఆడకపోవుట గాని ఎన్నడైన జరిగినదా? నిదానముగ జ్ఞాపకము చేసికొనండి.”

అమ్మ కొంతసేపు ఆలోచించి, “మా చిన్నవాడు పుట్టిన నెలలో ఒక సూది వేసిరమ్మా. వేసిన కాసేపటికే ఒళ్ళంత దద్దుర్లు లేచి గొంతు బిగిసికొనిపోయినది. ఏదో పెన్సిలిన్ అనిరి. మేము బాలింత జబ్బే అనుకొంటిమి” అనెను.

నా గుండె జల్లుమనెను. అమాక్సిసిలిన్ పెన్సిలిన్ కుటుంబములోనిదే. నేను మంచినీళ్ళతో అమ్మ చేతిలో పెట్టినది ఆమె ప్రాణముమీదికి తెచ్చియుండెడిది. నలువదేండ్ల నాటి ఆ సంగతిని కన్నకూతురనైన నే నెరుగను. రెండు ప్రశ్నలతో ఆ యువతి బయటికి తీసెను.

మరునాడు నేను ఆమె నడిగి, ఇట్టి కురుపులకు, వాపులకు మందు నెట్లు నిర్ణయింతురో తెలిసికొంటిని. అది మనవంటి గృహిణులకు తెలియదగినదే గాని తెలియరానిది కాదు.

మొదటి ప్రశ్న: ఇది బాక్టీరియా వలన కలిగినదేనా? చర్మముపై ఎఱ్ఱబడినదెల్ల యాంటీబయాటిక్‌నకు లొంగదు. తామర శిలీంధ్రమువలన కలుగును. గజ్జి కంటికి కానరాని చిన్న పురుగువలన కలుగును. సర్పి వైరస్‌వలన వచ్చును. వీనికి యాంటీబయాటిక్ ఇచ్చిన డబ్బు దండుగ, దేహమునకు హాని. మఱియొక మోసమును గలదు. దురద కొఱకు షాపులో అడిగి తెచ్చుకొను కొన్ని గొట్టపు లేపనములలో స్టెరాయిడ్ కలిసియుండును. రాచిన రెండు దినములు ఎఱుపు తగ్గి హాయిగా నుండును. ఆ పిమ్మట తామర లోలోపల ప్రాకి తొడలంతయు క్రమ్మును. అందుచేతనే 2018లో ప్రభుత్వమువారు అట్టి లేపనములను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని విధించిరి.

రెండవ ప్రశ్న: చీము కలదా, లేదా? చర్మమునకు పట్టు బాక్టీరియాలో రెండు జాతులు ముఖ్యములు. మొదటిది స్టాఫిలోకాకస్. 1880 ప్రాంతమున స్కాట్లండు దేశపు శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ చీమును సూక్ష్మదర్శినిలో చూడగా ద్రాక్షగుత్తులవలె గుమిగూడిన కణములు కానవచ్చెను. గ్రీకుభాషలో ద్రాక్షగుత్తి యను నర్థము వచ్చునట్లు ఆయన దానికి పేరు పెట్టెను. సెగగడ్డలు, చీముకురుపులు సాధారణముగా దీని పనియే. రెండవది స్ట్రెప్టోకాకస్, ఇది పూసల పేరువలె వరుసగా నుండును. చీము లేక ఎఱ్ఱగా ప్రాకు వాపు మిక్కిలిగా దీనివలన కలుగును. కావున కంటికి కానరాని శత్రువెవరో చీమునుబట్టి కొంతవఱకు ఊహింపవచ్చును.

మామిడిపండ్లు తినుటచేత పిల్లలకు సెగగడ్డలు లేచునని మన మనుకొందుము. పండు దోషము కాదు. వేసవిలో చెమటపొక్కులు గోకుటచేత చర్మము చిట్లి, మనలో మువ్వురిలో ఒకరి ముక్కులో ఏ బాధయు పెట్టక నివసించు స్టాఫిలోకాకస్ ఆ సందున జొరబడును. చీముపట్టిన పెద్ద గడ్డకు అసలు చికిత్స వైద్యుడు కోసి చీము తీయుటయే. చీము లోపల నిలిచియుండగా మాత్రలు మాత్రమే మ్రింగి ప్రయోజనము లేదు. చిన్న గడ్డకు వేడినీటి కాపడము చాలును. ఇంట పిన్నీసుతో పొడుచుట, చిదుముట కూడదు. ముక్కు మీదను, పైపెదవి మీదను లేచిన గడ్డను బొత్తిగా తాకరాదు.

మూడవ ప్రశ్న: జబ్బు తీవ్రత ఎంత? జ్వరము, చలి, నాడి వడి, మాట తడబాటు వీనిని చూతురు. ఇవి లేనిచో ఇంట మాత్రలతో చికిత్స చేయవచ్చును. ఉన్నచో ఆసుపత్రిలో నరమునకు సూదిమందు కావలయును. కంటికి కనబడు ఎఱుపు కొంచెమే యుండి నొప్పి మాత్రము భరింపరానిదైనను, చర్మము నల్లబడినను, నీటిబొబ్బలు లేచినను, ఎఱుపు గంటగంటకు ప్రాకినను, కనురెప్ప వాచి కన్ను మూసికొనిపోయినను తెల్లవారువఱకు కూడ ఆగరాదు. మాంసపు పొరలను తినివేయు దారుణమైన జబ్బొకటి యిట్లే మొదలగును. అందు కాలమే ప్రాణము.

నాల్గవ ప్రశ్నయే ఫార్మసిస్టు విద్యకు గుండెకాయ: మందు పుచ్చుకొనునది ఎవరు? ఒకే జబ్బునకు ఇద్దరు మనుష్యులకు ఒకే మందు తగదు. పెన్సిలిన్ పడదనువారిని ఏమి జరిగినదో విడమరచి యడుగుదురు. అట్లనుకొనువారిలో పరీక్షించి చూడగా పెక్కుమందికి నిజముగ పడకపోవుట లేదని తేలుచున్నది. వట్టి కడుపులో త్రిప్పుటనే పడకపోవుట యనుకొన్నవారు పలువురు. కాని మా అమ్మకు వలె గొంతు బిగిసినచో అది అనుమానింపవలసినది కాదు. ఆ కుటుంబమును విడువవలసినదే.

తరువాత మూత్రపిండముల లెక్క. చాల మందులు మూత్రముతో బయటికి పోవును. పిండములు మందగించినచో మందు ఒంటిలో నిలిచి విషమగును. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అను నిరువురు ప్రకటించిన సూత్రముచేత వయస్సు, బరువు, రక్తములోని క్రియాటినిన్ అను మూడింటితో పిండముల శక్తిని గణింతురు. స్త్రీలకైనచో వచ్చిన ఫలమును 0.85తో గుణింతురు. సెఫలెక్సిన్ వంటి మందును ఆ లెక్కనుబట్టి తగ్గింపవలయును.

గర్భిణులకు, ఎనిమిదేండ్లలోపు పిల్లలకు డాక్సీసైక్లిన్ సామాన్యముగ ఈయరు. ఎదుగు పండ్లకు రంగు పట్టునను భయము. ఈ మందును పాలతో గాని, ఇనుము, సున్నపు మాత్రలతో గాని మ్రింగినచో ఒంటికి సరిగా పట్టదు. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ పుచ్చుకొనువారికి కోట్రైమాక్సజోల్ కలిసినచో రక్తస్రావము కలుగవచ్చును. కనుకనే ఫార్మసిస్టు మనము వాడు మందులన్నింటిని చూపుమనును. ఆయుర్వేదపు చూర్ణము, బలమునకు వేసికొను మాత్ర ఇవియు మందులే, దాచరాదు.

మా అమ్మకు పెన్సిలిన్ పనికిరాదు గావున క్లిండామైసిన్ సూచించెను. దానికి పిండముల లెక్కతో పనిలేదు. కాని విరేచనములు పట్టుకొను భయము గలదు. అట్లయినచో వెంటనే తెలుపవలెననియు, నిండు గ్లాసు నీటితో కూర్చుండి మ్రింగవలెననియు, మ్రింగిన వెంటనే పరుండరాదనియు చెప్పెను. డాక్టరుగారు సమ్మతించి చీటి వ్రాసిరి.

ఐదవది కాలము. “ఎన్ని దినములు?” అని యడిగితిని. “ఐదు దినములు. మూడవ దినమున తప్పక రండి” అనెను. పూర్వము ఇట్టి వాపునకు పది, పదునాలుగు దినములు మందిచ్చెడివారు. గుణము కనబడుచున్నచో ఐదు దినములు చాలునని పరిశోధనలలో తేలగా, 2014లో అమెరికా అంటువ్యాధుల వైద్యసంఘమువారి నిబంధనలలోను అట్లే వ్రాసిరి. అక్కరకు మించి యొక్క దినము మందు మ్రింగినను మేలు లేకపోగా, ఒంటిలోని మంచి బాక్టీరియా చచ్చి, చెడ్డవి రాటుదేలును. ఐనను ఇది చూచి ఎవరికి వారు రెండవనాడే మందు మానుట కాదు. కాలమును తగ్గింపను, పెంచను అధికారము వైద్యునిది.

ఆమె ఒక కలముతో మా అమ్మ కాలిపై ఎఱుపు అంచు వెంబడి గీత గీసెను. మొదటి దినమున ఎఱుపు గీతను కొంచెము దాటవచ్చుననియు, రెండు మూడు దినములకు లోపలికి తగ్గవలెననియు, తగ్గనిచో మందు మార్చవలసియుండుననియు చెప్పెను. ఎంత తెలివి! ఏ యంత్రమును లేక, చదువురాని ముసలమ్మ కూడ తన జబ్బు పెరిగినదో తరిగినదో చూచుకొనవచ్చును. మా అమ్మ దినమునకు పదిసారులు ఆ గీత చూచుకొనెడిది. మూడవనాటికి ఎఱుపు గీతకు రెండంగుళములు లోనికి పోయెను. వాపు పూర్తిగ తీయలేదని డాక్టరుగారు మఱి రెండు దినములు పొడిగించిరి. ఏడవనాటికి కాలు మామూలాయెను.

ఇక పిల్లల సంగతి. పిల్లలకు ముక్కు క్రింద, మూతిచుట్టు చిన్న పొక్కులు లేచి పగిలి, తేనెరంగు పక్కులు కట్టు జబ్బును ఇంపెటిగో అందురు. ఒకనినుండి యొకనికి తువ్వాలు ద్వారమున, చేతుల ద్వారమున ఇట్టే అంటుకొనును. ఇంగ్లండులో 2024 జనవరి 31వ తేదీనుండి ఏడు చిన్న జబ్బులకు, డాక్టరును చూడక, మందుల షాపులోని ఫార్మసిస్టే పరీక్షించి మందిచ్చు ఏర్పాటు జరిగినది. అందు ఇంపెటిగో ఒకటి. పురుగు కుట్టి చీముపట్టిన గాయము మఱియొకటి. అక్కడి విధానము చూడుడు: పుండ్లు మూడింటికి మించనిచో యాంటీబయాటిక్ మాట తలపెట్టక, ముందుగ హైడ్రోజన్ పెరాక్సైడ్ లేపనము, అది తగనిచోట ఫ్యూసిడిక్ ఆసిడ్ లేపనము. పుండ్లు ఎక్కువైనచో మాత్రమే ఐదు దినములు లోపలికి మందు. చికిత్స మొదలిడి 48 గంటలు గడచువఱకు గాని, పక్కులు ఎండువఱకు గాని పిల్లవానిని బడికి పంపరాదు. జ్వరముతో సొలసియున్న పిల్లవానిని ఫార్మసిస్టు తనకడ నుంచుకొనడు. వెంటనే వైద్యుని కడకు పంపును. మన దేశమున ఫార్మసిస్టునకు మందు వ్రాయు అధికారము లేదు, వ్రాయుట వైద్యునిదే. కాని లెక్క ఒక్కటే.

ఆ లెక్క యెంత సూక్ష్మమో యొక ఉదాహరణము. 12 కిలోల బిడ్డకు సెఫలెక్సిన్ కిలో ఒక్కింటికి దినమునకు 25 మిల్లీగ్రాముల చొప్పున వ్రాసిరనుకొందము. దినమునకు 300 మిల్లీగ్రాములు. నాలుగు వేళలకు పంచగా వేళకు 75. సీసాలో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల మందున్నచో, వేళకు 3 మిల్లీలీటర్లు పోయవలయును. ఇప్పుడు మన వంటయింటి చెంచాలు తీసి చూడుడు. ఏ రెండును ఒక్కరీతిగ నుండవు! కావున సీసాతో ఇచ్చిన కొలతమూతతోనో, సూది లేని సిరంజితోనో కొలువవలయును. పొడిమందులో కాచి చల్లార్చిన నీటిని గీత వఱకు పోసి కలిపి, సీసాపై వ్రాసిన గడువు దాటగనే పారబోయవలయును. పై లెక్క బోధపడుటకు వ్రాసినదే గాని, దీనినిబట్టి ఇంట మందు పోయుటకు గాదు.

ఈ మందుల చరిత్రలో స్త్రీల చేయి చాల గలదు. 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డు నగరమున ఆల్బర్ట్ అలెగ్జాండర్ అను పోలీసువానికి మొగమంతయు చీముపట్టి ఒక కన్ను పోయి, చావు బ్రతుకులలో నుండగా, మొట్టమొదట పెన్సిలిన్ ఇచ్చి చూచిరి. ఒక్కదినములోనే గుణము కనబడెను. కాని మందు ఐదు దినములకే నిండుకొనెను. అతని మూత్రమునుండి మందును తిరిగి తీసి యెక్కించిరి. అదియు చాలక మార్చి నెలలో నతడు మరణించెను. మందు లేక కాదు, లెక్కకు చాలినంత లేక. ఆ బూజును పళ్ళెములలో పెంచి మందు తీయుటకు అక్కడ ఆరుగురు యువతులు పాటుపడిరి. ఎథెల్ ఫ్లోరీ అను వైద్యురాలు రోగులపై దాని గుణమును పరీక్షించి వ్రాసెను. 1945లో పెన్సిలిన్ అణువు ఆకృతిని కనుగొన్నది డొరొతి హాడ్జ్‌కిన్. మన తెలుగువాడు, భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా నున్నపుడే, అక్కడ డగ్గర్ పండితుడు ఆరియోమైసిన్ కనుగొనెను. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. ఇప్పటి డాక్సీసైక్లిన్ ఆ కుటుంబములోనిదే.

కాని శత్రువు ఊరకుండలేదు. పెన్సిలిన్‌ను విఱుగగొట్టు ద్రవ్యము స్టాఫిలోకాకస్‌నకు పుట్టగా, దానిని జయించుటకు మెథిసిలిన్ వచ్చెను. అది వచ్చిన రెండేండ్లకే, 1961లో, దానికిని లొంగని స్టాఫిలోకాకస్‌ను ఇంగ్లండులో పట్రీషియా జెవన్స్ అను శాస్త్రజ్ఞురాలు కనుగొనెను. మందులకు లొంగని బాక్టీరియావలన 2019లో ప్రపంచమున 12 లక్షల 70 వేలమంది మరణించిరని పండితులు లెక్క కట్టిరి. ఈ కారణముననే చికిత్సకు లొంగని గడ్డనుండి చీము తీసి, ఏ మందు పనిచేయునో పరీక్షశాలలో చూచి ఇచ్చుట మంచిది. ఈ కారణముననే మాత్రల షీటుపై నిలువుగా ఎఱ్ఱగీత వేయుచున్నారు. ఆ గీత యున్న మందు చీటి లేక కొనవలదని యర్థము.

గృహిణులు చేయదగినవి కొన్ని గలవు. ఇంటిలో ఒక చిన్న పుస్తకమున ఒక్కొక్కరికి ఒక్కొక్క పుట కేటాయించి, ఎవరికి ఏ మందు పడలేదో, ఏమి జరిగినదో, ఇప్పుడేమి వాడుచున్నారో వ్రాసియుంచవలయును. ఆసుపత్రికి పోవునపుడు దానిని చేతబట్టుకొని పోవలయును. ఇంటిలో ఒకరికి కురుపు లేచినచో వారి తువ్వాలు, దిండుగలీబు వేరుగ నుంచి వేడినీట నుదుకవలయును. కాలు వాచినవారు కాలిని దిండుపై ఎత్తి యుంచవలయును. ముఖ్యముగ, మనము దినమెల్ల తడిలో నిలిచి గిన్నెలు తోమి బట్టలుదుకుదుము. కాలివ్రేళ్ళ సందులు నాని తెల్లబడి చీలును. ఆ చీలికయే బాక్టీరియాకు వాకిలి. మా అమ్మ కాలికిని జబ్బు అందుండియే లోపలికి పోయినదట! పని ముగించిన పిమ్మట వ్రేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడిచికొనుటకు ఖర్చేమియు లేదు.

తిరిగి వచ్చునపుడు ఆ ఫార్మసిస్టు మా అమ్మ పుస్తకములో మొదటి పుటపై “పెన్సిలిన్ కుటుంబము పనికిరాదు” అని పెద్ద యక్షరములతో వ్రాసి యిచ్చెను. నేను డబ్బాలోని నాలుగు కాప్స్యూళ్ళను ఆసుపత్రి ఫార్మసీలో అప్పగించితిని. “ఇవి ఎట్లు మిగిలినవి?” అని యామె యడిగెను. పిల్లవానికి నొప్పి తగ్గగానే మానిపించితినని చెప్పితిని. ఆమె నవ్వి, “లెక్క ప్రకారము వ్రాసి, లెక్క ప్రకారము ఇచ్చి, లెక్క ప్రకారము మ్రింగినచో మిగులుటకు ఏమియు నుండదమ్మా” అనెను.

నాటినుండి మా మందుల డబ్బాలో మిగిలిన మాత్రలు లేవు. వానికి మారుగ ఒక చిన్న పుస్తక మున్నది.